ఆరని భుజం

2024 ఏప్రిల్ 14, ఆదివారం, సాయంత్రం నాలుగు గంటల పది నిమిషాలకు, కోదాడలో పళ్ళ డాక్టరు గారి మేడమీద గదిలోకి వాచిన చెంపకు తువ్వాలు చుట్టుకున్న ఒక పెద్దమనిషి వచ్చారు. సమయం ఇంత కచ్చితంగా చెప్పగలగడానికి కారణం ఉంది. సరిగ్గా అప్పుడే నేను ఒక గాజు పలక మీద కొత్త రంగు చుక్క పెట్టి, పక్కన తేదీ, గంట రాస్తున్నాను. సూర్యాపేటలో రక్తపరీక్షల ల్యాబులో పనిచేస్తాను. తేదీ, గంట రాయని సీసాను ముట్టుకోని వృత్తి నాది. ఆ అలవాటు నా వ్యాపకంలోకీ వచ్చింది. ఏ రంగు ట్యూబు తెరిచినా, ఏ నూనె సీసా మూత తీసినా, ముందు ఒక చుక్క గాజు మీద పెట్టి, అది ఎన్నాళ్ళకు ఆరుతుందో చూస్తాను. మా బృందంలో మిగిలిన ముగ్గురూ దీనికి నవ్వుతారు. నవ్వుతూనే తమ రంగులు కూడా తెచ్చి పరీక్షకు ఇస్తారు.

మా వ్యాపకం బొమ్మ గుర్రాలకు నూనె రంగులు వేయడం. డాక్టరు గారు పళ్ళకు అచ్చులు తీసే చేత్తోనే జానెడు గుర్రాలను రెజిన్‌తో పోస్తారు. వాటికి చర్మం ఇవ్వడం మా పని. నీటి రంగు పది నిమిషాల్లో ఆరిపోతుంది గాని, గుర్రం ఒంటి మీద ఒక రంగు మరొక రంగులోకి ఎక్కడ జారిందో తెలియకుండా జారే తీరు దానికి చేతకాదు. నూనె రంగుకు చేతనవుతుంది. బదులుగా అది ఓపిక అడుగుతుంది. మండు వేసవిలోనైనా ఒక్కో పొరకు మూడు నాలుగు రోజులు పడుతుంది. ఆలోగా గాలిలో తేలే ప్రతి నలుసూ, ప్రతి వెంట్రుకా వచ్చి ఆ తడి మీద వాలుతుంది. అందుకే తడి గుర్రం ఉన్న గదిలో ఫ్యాను వేయరాదన్నది మా మొదటి నియమం. రెండవ నియమం, ఒకరి గుర్రం మీద మరొకరు చేయి వేయరాదు. కావలసినంతసేపు దీపం పట్టవచ్చు.

నెలకొకసారి, రెండో ఆదివారం, మూడు ఊళ్ళలో ఏదో ఒకచోట కలుస్తాం. కోదాడలో డాక్టరు గారి మేడ, మిర్యాలగూడలో తమ రైస్‌మిల్లు వెనుక, మేమంతా అక్క అని పిలిచే సభ్యురాలి ఇల్లు, సూర్యాపేటలో నా ఇల్లు. నాలుగో సభ్యుడు మా ఊరి డ్రాయింగు సారు. రిటైరైన మనిషి, నూనె రంగుల భాష మా ముగ్గురికీ నేర్పింది ఆయనే. ఊరు ఏదైనా ఫ్యాను ఆగవలసిందే, చెమటలు కారవలసిందే. ఎండాకాలం వచ్చిందంటే మా ఆయన చాప చంకన పెట్టుకుని డాబా ఎక్కుతూ, నాకు వినపడేటట్టు, “గుర్రానికి గాలి తగలొద్దట. మొగుడు ఉడికిపోయినా ఏం గాదట” అంటారు.

నేను స్వతహాగా కుదురు లేని మనిషిని. ఇంత నిదానమైన రంగును ఎందుకు ఎంచుకున్నానని సారు ఒకసారి అడిగారు. గాజు పలకల మీది తేదీలు చూపించాను.

ఆ ఆదివారం వచ్చిన పెద్దమనిషి పెళ్ళి ఊరేగింపులకు గుర్రాన్ని కిరాయికి ఇస్తారు. పంటి నొప్పి తట్టుకోలేక, సెలవు రోజైనా డాక్టరు గారిని వెతుక్కుంటూ మెట్లెక్కారు. ఎక్కాక, అలమరలో వరుసగా నిలబెట్టిన మా గుర్రాలను చూసి నొప్పి సంగతే ఎత్తలేదు. చేతులు వెనక్కి కట్టుకుని, ఒక్కొక్కదాని ముందు ఆగి, కాళ్ళ నుంచి చెవుల దాకా చూశారు. వీటిలో ఒక్కదానికీ జీను లేదేమని అడిగారు. మేము ఒట్టి గుర్రాలనే చేస్తామని డాక్టరు గారు చెప్పారు. ఆయన మళ్ళీ అలమర వైపు తిరిగారు.

“మా దానికి ఫోటోలు లెక్కలేనన్ని ఉన్నాయండి” అన్నారు చివరికి. “ఒక్కదాంట్లో కూడా అది లేదు. అంతా జరీ, కుచ్చులు, పైన పెళ్ళికొడుకు. ఒట్టిగా ఉన్నది ఒక్కటీ లేదు.”

విషయం మెల్లగా బయటికి వచ్చింది. నెలాఖరుకు మూఢం మొదలవుతుంది. తర్వాత రెండు నెలలకు పైగా ముహూర్తాలు లేవు. ఆయనకూ మోకాళ్ళు పట్టేశాయి, గుర్రం వెంట నడవలేకపోతున్నారు. గుర్రాన్ని కొనడానికి మహారాష్ట్ర నుంచి ఒకరు వచ్చి చూసుకున్నారు. ఈయన ఎన్నికల ఊరేగింపుల దాకా మాట ఇచ్చేశారు కాబట్టి అప్పటివరకు ఉంచుకుని, మే 12 ఆదివారం పొద్దున బండి ఎక్కించడానికి ఒప్పుకున్నారు.

“అది పోయేలోగా ఒకటి చేసిస్తారా అమ్మా? దాని పక్కన పెట్టి చూసుకోవాలి. పోయాక చూస్తే అదో కాదో నాకెవరు చెప్తారు?”

ఆయన నన్నే ఎందుకు అడిగారో తెలియదు. బహుశా ఆ క్షణంలో నా చేతిలో కుంచె ఉంది. మిగతావారి ముఖాలు చూడకుండానే ఒప్పుకున్నాను. నాలుగు వారాలు చాలునని అప్పటికప్పుడు లెక్క వేశాను. నాలుగు పొరలు, పొరకు నాలుగు రోజులు, మిగిలినది పొరపాట్లకు.

ఏప్రిల్ 16న సెలవు పెట్టి మళ్ళీ కోదాడ వెళ్ళాను. హుజూర్‌నగర్ రోడ్డులో ఆయన ఇంటి వెనుక రేకుల పాక. అందులో ఒక టేబుల్ ఫ్యాను, దానికి ఎదురుగా ముఖం పెట్టి కళ్ళు మూసుకున్న ఆడగుర్రం. అందరూ తెల్ల గుర్రమనే గుర్రం. దగ్గరికి వెళ్తే తెలుపు ఎక్కడా లేదు. మోకాళ్ళ దగ్గర బూడిద, ముట్టె చుట్టూ గులాబి, చెంపల మీద జీలకర్ర చల్లినట్టు గోధుమ చుక్కలు. ఆయన తడిగుడ్డతో ఎడమ భుజం తుడుస్తుంటే పౌడరు కరిగి కారింది. కింద నుంచి ఒక మచ్చ తేలింది. రాగి పొడి గుప్పిట నిండా తీసుకుని ఒక్కసారి ఊదినట్టు, మెడ మొదట్లో చిక్కగా, ముంగాలి వైపు పలచబడుతూ, చివరికి ఒక్కొక్క చుక్కగా విడిపోయిన ఎర్రమచ్చ.

పెళ్ళివారికి ఇది తెలియదని ఆయన చెప్పారు. తెల్ల గుర్రమైతేనే తీసుకుంటారు కాబట్టి పౌడరు కొట్టి, పైన గుడ్డ కప్పుతారు. వెనుకటి యజమాని ఈ మచ్చ చూసే దాన్ని వద్దనుకున్నాడు. “ఇది లేకపోతే నాకు దొరికేదే కాదమ్మా” అని, ఆ భుజం మీద అరచేయి ఆనించారు. నేను చేయవలసిన పని ఏమిటో అప్పుడు తెలిసింది. గుర్రం మొత్తం బాగా కుదిరి ఆ భుజం కుదరకపోతే ఆయనకు ఇచ్చినట్టు కాదు.

ఫోను కెమెరా ఆ పాకలోని రేకుల నీడలో మచ్చను ఒకసారి ఇటుక రంగుగా, ఒకసారి ఊదాగా చూపించింది. నమ్మదగినది కాదు. కంటికి కనిపించింది కనిపించినట్టు కాగితం మీద రంగు చుక్కలుగా పెట్టుకుని వచ్చాను.

డాక్టరు గారు మెడ వంపు మార్చి కొత్తగా పోసిన గుర్రాన్ని రెండు రోజుల్లో బస్సు కండక్టరు చేతికిచ్చి పంపారు. ఏప్రిల్ 20న మొదటి పొర, 24న రెండోది. తెలుపు కింద లేత పసుపు వేయకపోతే గుర్రం సున్నం కొట్టిన గోడలా ఉంటుందని సారు వచ్చి చెప్పారు. అలాగే వేశాను. రెండు పొరలూ అనుకున్న రోజుకే ఆరాయి. అప్పటికి, రంగులు పలచన చేసే నా అవిసె నూనె అడుగంటింది. మేము నలుగురం కలిసి తెప్పించుకునే డబ్బాను మిర్యాలగూడ అక్క ఇంటికి తీసుకుపోయి నాలుగు సీసాల్లో పంచుతుంది. నా వంతు సీసా 27న వాళ్ళ మిల్లు లారీ డ్రైవరు చేత అందింది. నిండుగా, బంగారు రంగులో, మూతకు గుడ్డ చుట్టి, ఎంతో శ్రద్ధగా. అలవాటు ప్రకారం ఒక చుక్క గాజు మీద పెట్టి తేదీ రాసి, గూట్లో పెట్టి మరిచాను.

మూడో పొర, నాలుగో పొర కలిపి ఒకే విడతలో పూర్తిచేద్దామని 29న కూర్చున్నాను. ఒంటి బూడిద రంగులు, చెంపల చుక్కలు, చివరగా భుజం. రంగును ఆ కొత్త నూనెతో పలచన చేసి మచ్చ అంచులను గాలిలో కలిపేసినట్టు కలిపాను. నా జీవితంలో నా చేతి మీద నాకు నమ్మకం కలిగిన గంటలు కొన్నే. అది వాటిలో ఒకటి.

మే 2న చిటికెన వేలితో తాకాను. అంటుకుంది. 3న అంటుకుంది. 4న కూడా. బయట నిప్పులు కురుస్తున్నాయి. ఉతికిన బట్టలు తీగ మీద వేసి వెనుదిరిగేలోగా ఆరిపోతున్నాయి. నా గుర్రం మాత్రం స్నానం చేసి వచ్చినట్టే మెరుస్తోంది. బల్బు పెట్టిన అట్టపెట్టెలో ఉంచాను. చేపల గాజుతొట్టి బోర్లించి మిద్దె మీద ఎండలో ఉంచాను. పొద్దున లేవగానే ఒకసారి, డ్యూటీకి పోయేముందు ఒకసారి, వచ్చి చెప్పులు విప్పకముందే ఒకసారి తాకేదాన్ని. ల్యాబులో గ్లౌజు వేసుకున్న చిటికెన వేలు నాకు తెలియకుండానే గాలిలో లేచి ఏదో భుజాన్ని తాకి దిగేది. వంటింట్లో పాలు పొంగాయి. ఎవరు పలకరించినా సగం మాటకే అవునన్నాను. ఒక రాత్రి మా ఆయన డాబా మీద నుంచి దిగివచ్చి, గుర్రం వైపు ఒకసారి, నా వైపు ఒకసారి చూసి మళ్ళీ ఎక్కిపోయారు. ఆ వెటకారం లేని చూపే నన్ను ఎక్కువ భయపెట్టింది.

5న, ఆదివారం, గాజు పలకలు గుర్తొచ్చాయి. ముందే గుర్తు రావలసింది. ఏప్రిల్‌లో పెట్టిన చుక్కలన్నీ గట్టిపడి గోటికి గీత పడుతున్నాయి. 27వ తేదీ వేసిన పలకను వంచగానే చుక్క మెల్లగా జారి, నా చూపుడు వేలి మీదికి వచ్చింది.

మర్నాడు పొద్దుటి డ్యూటీ ముగించి, సీసానూ, పెట్టెలో గుర్రాన్నీ పట్టుకుని మిర్యాలగూడ బస్సెక్కాను. ఊరి మొదట్లోనే ఊక వాసన, వరుసగా నిలిచిన లారీలు. అక్క ఇంట్లో నా కోసం ఫ్యాను ముందే ఆపి ఉంది. తలుపులు మూసి, గుర్రం చూడగానే మొదట, భుజం దగ్గర పానం పెట్టినవని మెచ్చుకుంది. తర్వాత నేను సీసా చేతికిచ్చాను. వాసన చూసింది. ఆమె ముఖంలో అనుమానం ఏమీ లేదు.

“అవిసె నూనె తక్కువొచ్చింది చెల్లె. మూడు సీసలు నిండినయి, నీది సగం గూడ రాలే. తక్కువ కొలత పంపబుద్ధి గాలే నాకు. మన తౌడు నూనె కలిపిన. రంగు గూడ ఒక్కతీరుగనే ఉన్నది, సూడు.”

“అక్కా, అది పూరీలు చేసే నూనె.”

“పూరీలకు గూడ మంచిదే. గుండెకు మంచిదంటరు.”

“గుండెకు మంచిదే. కాని ఎన్నేండ్లు పెట్టినా ఆరదు. అవిసె నూనె ఆరుతది, అందుకే రంగుల వాడుతరు. ఇది ఆరదు.”

ఆమె సీసాను వెలుతురుకు పట్టి చూసింది, అందులో తేడా కనిపించాలన్నట్టు. కనిపించలేదు. తర్వాత గుర్రాన్ని చూసింది, గోడ మీది క్యాలెండరును చూసింది.

“పన్నెండో తారీఖుకు?”

నేను భుజాన్ని చిటికెన వేలితో తాకి, అంటిన ఎరుపు చూపించాను.

“ఖతం చేసిన గదనే” అని అక్క పీట మీద కూలబడింది.

కోపం రావలసిన చోట నాకు రాలేదు. ధాన్యం కొని బియ్యం అమ్మే ఇంట్లో పుట్టి, అలాంటి ఇంట్లోనే మెట్టిన మనిషి ఆమె. వెలితి సీసా మనిషి చేతికి ఇవ్వడం ఆ ఇంట్లో జరగదు. నిండుగా ఇవ్వడానికే చూసింది. ఆమె స్థానంలో మేము ఎవరమైనా సగం సీసా పంపి ఊరుకునేవాళ్ళం, గుర్రం ఆరిపోయేది.

నేను బస్సు ఎక్కేలోగానే అక్క మా నలుగురి గ్రూపులో గొంతు రికార్డు చేసి పెట్టింది, జరిగింది దాచకుండా. డాక్టరు గారు నిందించలేదు, నొప్పి ఉన్న పంటి గురించి అడిగినట్టు అడిగారు. కింది పొరలు ఏ నూనెతో వేశాను, పూర్తిగా ఆరాయా, పైపొర ఎంత మందం? కింది రెండూ ఆరాయి కాబట్టి పైది టర్పెంటైనుతో తుడిచేయవచ్చు, కాని రుద్దకూడదు, దూది అద్ది ఎత్తాలి, మనిషికి ఒక కాలు చొప్పున పట్టుకుంటే ఒక పూటలో అవుతుందని తేల్చారు. దీపం తాను పట్టుకుంటానని సారు రాశారు.

మనిషికి ఒక కాలు. అంటే రెండవ నియమం తీసేయాలి. నా గుర్రం మీద ఇంతవరకు నా చేయి తప్ప పడలేదు. ఆ విషయంలో నేను మంచిదాన్ని కాను. బస్సు సగం దారి దాటేదాకా ఆలోచించి, రమ్మని రాశాను.

8వ తేదీ బుధవారం మధ్యాహ్నం డాక్టరు గారు దవాఖాన మూసి, అక్క మిల్లు కారులో, సారు నడిచి, మా ఇంటికి వచ్చారు. ఫ్యాను వేయలేదు, కిటికీలు తెరవలేదు, పైగా టర్పెంటైను వాసన. నోట్లో పళ్ళ మధ్య పెట్టే దూది చుట్టలు డాక్టరు గారు సంచెడు తెచ్చారు. నేను వెనుక కాళ్ళు పట్టుకున్నాను, డాక్టరు గారు మెడ, తల. భుజం తానే తుడుస్తానని అక్క అన్నది. నేను లేచి నీళ్ళు తాగాను, కూర్చున్నాను, మళ్ళీ లేచాను. అక్క దూది అద్ది ఎత్తిన ప్రతిసారీ అది ఎర్రగా వచ్చేది. ఆమె కళ్ళెత్తకుండా పని చేసింది. సాయంత్రానికి లేత పసుపు గుర్రం మిగిలింది, ఏప్రిల్ 24న ఉన్నట్టు. మచ్చ జాడ లేదు.

9న రంగులను ముందుగా అట్టముక్క మీద పిండి, వాటిలోని నూనెను అట్టకు తాగించి, ఆ పొడిరంగుతో ఒళ్ళంతా పలచగా ఒకే పొర వేశాను. ఇది సారు చెప్పిన ఉపాయం. ఎండకూ బల్బుకూ అది రెండు రోజుల్లో వేలికి అంటకుండా ఆరింది. భుజం మాత్రం ఖాళీగా వదిలాను. ఒకసారి నా చేతికి అందిన మచ్చను జ్ఞాపకంతో మళ్ళీ వేయలేనని తెలిసింది. మచ్చ ఎదురుగా ఉండాలి.

11వ తేదీ శనివారం సాయంత్రం నాలుగింటికే పాక దగ్గర ఉన్నాం, నలుగురమూ. గుర్రం లేదు. ప్రచారం చివరి ఊరేగింపులో ఉంది. దూరం నుంచి మైకుల హోరు వినిపిస్తోంది. అది ఎక్కడిదాకా వచ్చిందో పోల్చుకుంటూ వాకిట్లో అటూ ఇటూ తిరిగాను. ఒకచోట కూర్చోమని సారు రెండుసార్లు చెప్పారు. ఆరున్నర అవుతుండగా గుర్రం వచ్చింది, ఒంటి నిండా రంగుపొడి, పౌడరు, చెమట. ఆయన మోకాళ్ళు పట్టుకుంటూ దాన్ని కడిగారు. ఎర్రమచ్చ తేలేసరికి పొద్దు వాలుతోంది.

అక్క వెళ్ళి గుర్రం టేబుల్ ఫ్యాను ఆపేసింది. గుర్రం కళ్ళు తెరిచి, ఆగిన రెక్కల వైపు చూసి, ముట్టెతో ఒక పోటు పొడిచింది.

“ఓర్సుకో తల్లీ, మేం ఏండ్ల నుంచి ఓర్సుకుంటలేమా” అన్నది అక్క.

డాక్టరు గారు ఒకవైపు, సారు ఒకవైపు ఫోను దీపాలు పట్టారు. నేను గుర్రానికి రెండు అడుగుల దూరంలో స్టూలు మీద కూర్చుని, భుజాన్ని చూస్తూ భుజం వేశాను. ఏప్రిల్ 29న వేసినంత మృదువుగా రాలేదు. అంచులు కాస్త గరుకు, చుక్కలు కాస్త పెద్దవి. కాని రంగు అదే. దాన్ని పక్కన పెట్టి చూస్తున్నాను కదా, అదే. అంతసేపూ ఆయన ఇనుప దువ్వెనతో దాని ఒళ్ళు దువ్వుతూనే ఉన్నారు, రేపటి ప్రయాణానికి.

కుంచె దించి, బొమ్మ గుర్రాన్ని పీఠంతో సహా ఎత్తి ఆయన చేతికిచ్చాను. ఆయన దాన్ని నిజమైన భుజం పక్కన పట్టుకున్నారు. దీన్ని చూశారు, దాన్ని చూశారు. మచ్చ చివరన ఒంటరిగా ఉండే చుక్క దగ్గర వేలు ఆపారు, తాకలేదు.

“అదేనమ్మా” అన్నారు.

గుర్రం ఉక్కకు తల విదిలించింది. పాపం, చెమట పట్టిందంటూ, ఏళ్ళ అలవాటు కొద్దీ, ఆయన చేయి చాచి ఫ్యాను మీట నొక్కారు.

మేము నలుగురమూ ఒకేసారి చేతులు ఎత్తాం. అప్పటికే గాలి తిరిగింది. దువ్విన వెంట్రుకలు పాకంతా లేచాయి. అక్క ఫ్యాను ఆపేలోగా మూడు వచ్చి తడి మచ్చలో కూర్చున్నాయి. రెండు తెల్లవి, ఒకటి రాగి రంగుది. నేను సంచీలోంచి ట్వీజర్లు తీశాను. అది నా చేతికి శ్వాసలాంటిది, ఆలోచించి చేసే పని కాదు.

ఆయన బొమ్మను కొంచెం వెనక్కి జరిపారు.

“దానివేగా అమ్మా. ఉండనివ్వండి.”

ట్వీజర్లు పట్టుకుని అలాగే నిలబడ్డాను. సారు నా మోచేయి మీద చేయి వేసేదాకా వాటిని సంచీలో పెట్టలేదు.

ఆదివారం పొద్దున బండి వచ్చిందనీ, గుర్రం పేచీ పెట్టకుండా ఎక్కిందనీ డాక్టరు గారు చెప్పారు. నేను వెళ్ళలేదు. ఆ రోజు రెండో ఆదివారమే, మా ఇంట్లోనే కలిశాం. తడి గుర్రం ఏదీ లేదు కాబట్టి ఫ్యాను వేసుకున్నాం. ఎవరికీ ఏం తోచలేదు.

రంగు లోపలిదాకా ఆరాక, నవంబరులో, వార్నిషు వేయడానికి ఆయన ఇంటికి వెళ్ళాను. ఒకసారి వార్నిషు పడితే ఆ మూడు వెంట్రుకలూ ఇక ఊడి రావు. సంచీలో ట్వీజర్లు ఉన్నాయి. ఆయన లోపల టీ చెప్పడానికి వెళ్ళారు, గదిలో నేనూ బొమ్మా మాత్రమే ఉన్నాం. వార్నిషు వేసి వచ్చాను. ఇప్పటికీ కోదాడ పోయినప్పుడల్లా దాన్ని చూస్తాను. చూసినప్పుడల్లా బొటనవేలూ చూపుడు వేలూ ఒకదాన్నొకటి వెతుక్కుంటాయి.

పోయినవి: ఏప్రిల్ 29 నాటి పొర ఒకటి. ఆ పొరలోని మెత్తటి మచ్చ అంచు ఒకటి, మళ్ళీ రాలేదు. తౌడు నూనె పట్టి పాడైన కుంచెలు రెండు. మా రెండవ నియమం. గుర్రం.

ఉన్నవి: జానెడు గుర్రం ఒకటి, ఎడమ భుజాన ఎర్రమచ్చతో, కోదాడలో. అందులో వెంట్రుకలు మూడు. మేము నలుగురం. నా గూట్లో, ఏప్రిల్ 27 తేదీ వేసిన గాజు పలక ఒకటి. నిన్న వంచి చూశాను, చుక్క జారింది.